టీచర్ నెత్తిన కౌన్సెలర్ టోపీ: మన ‘వే ఫార్వర్డ్’లో అసలు లోపం

తెలుగులో ‘కౌన్సెలింగ్’ అనే మాటకు మూడు అర్థాలు స్థిరపడిపోయాయి. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకుని సీటు తెచ్చుకోవడం మొదటిది. పండగకో ఎన్నికలకో ముందు రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిపించి సీఐ గారు హెచ్చరించి పంపడం రెండోది. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ‘రౌడీషీటర్లకు కౌన్సెలింగ్’ అని ఫొటోతో సహా వస్తుంది. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గిన పిల్లవాడి తల్లిదండ్రులను ప్రిన్సిపాల్ తన గదికి పిలిచి, వాళ్ల ఎదుటే వాడికి గడ్డి పెట్టడం మూడోది. మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. మాట్లాడేది చేతిలో అధికారం ఉన్నవాడు, తలొంచుకుని వినేది అవతలివాడు. పిల్లలకు అవసరమైన కౌన్సెలింగ్ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ పిల్లవాడు మాట్లాడాలి, పెద్దవాళ్లు వినాలి.

జీఎస్-2లో కౌమార మానసిక ఆరోగ్యం మీద ఏ ప్రశ్న వచ్చినా, కోచింగ్ నోట్సుల నుంచి మోడల్ ఆన్సర్ల దాకా చివర్లో ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి వారినే కౌన్సెలర్లుగా తీర్చిదిద్దాలి.’ ఈ వాక్యానికి ఖర్చు లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు, ఎవరినీ నొప్పించదు. అందుకే అది ఎగ్జామినర్‌కూ నచ్చుతుంది, ఆర్థిక శాఖకూ నచ్చుతుంది. నా వాదన ఒక్కటే. ఆ వాక్యం తప్పు. నగరాల్లో ప్రమాదపు అంచున ఉన్న టీనేజ్ పిల్లలకు కావలసింది పాఠం చెప్పని, మార్కులు వేయని, హెడ్‌మాస్టర్ కింద పనిచేయని ఒక పూర్తికాలపు మనిషి. ఆ మనిషిని ఇవ్వకుండా మిగతావన్నీ ఇవ్వడం కంటితుడుపే.

అంచున ఉన్నది ఎవరు?

నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. గ్రామాల్లో ఇది 6.9 శాతం అయితే మెట్రో నగరాల్లో 13.5 శాతం. అంటే దాదాపు రెట్టింపు. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. సగటున రోజుకు 38 మంది.

ఈ అంకెలు చెప్పగానే మన మనసు నేరుగా కోటకో, నీట్ కోచింగ్‌కో వెళ్తుంది. టీవీ చర్చలూ అక్కడే ఆగుతాయి. కానీ 2022 ఎన్‌సీఆర్‌బీ నివేదికలో 18 ఏళ్ల లోపు వారి ఆత్మహత్యలకు నమోదైన కారణాల్లో మొదటి స్థానం పరీక్షల్లో ఫెయిల్ అవడానిది కాదు, కుటుంబ సమస్యలది. పరీక్షల ఒత్తిడి నిజమే. దానికి ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది, ఫలితాల రోజున కెమెరాలూ వస్తాయి. ఇంట్లో రోజూ తాగొచ్చే తండ్రికి టైమ్‌టేబుల్ ఉండదు.

నగరంలో ప్రభుత్వ బడిని ఒకసారి ఊహించండి. పొద్దున బడి, సాయంత్రం మెకానిక్ షెడ్‌లో పని చేసే తొమ్మిదో తరగతి అబ్బాయి ఉంటాడు. పదో తరగతి పూర్తవగానే పెళ్లి చేసేస్తారని తెలిసిన అమ్మాయి ఉంటుంది. ఒడిశా నుంచో బిహార్ నుంచో తల్లిదండ్రులతో పనికి వచ్చి, భాష రాక వెనక బెంచీలో ఏడాదంతా మాట్లాడకుండా కూర్చునే పిల్లవాడు ఉంటాడు. గంజాయి చేతులు మారే సందులోంచి రోజూ బడికి నడిచి వచ్చేవాళ్లు ఉంటారు. వీళ్లలో చాలామంది ‘డిప్రెషన్’ అనే మాట వాడరు. బడి మానేస్తారు, కొట్లాటకు దిగుతారు, క్లాసులో నిద్రపోతారు. బడి దాన్ని క్రమశిక్షణ సమస్యగా రాసుకుంటుంది.

ఊళ్లో అయితే పిల్లవాడు రెండు రోజులు కనిపించకపోతే అడిగే పెదనాన్నో, పక్కింటి అత్తో ఉంటారు. నగరంలో ఒక్క గది అద్దె ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్తే, ఆ పిల్లవాణ్ని రోజూ చూసే పెద్దమనిషి బడిలోనే ఉండాలి. అందుకే నగరంలో కౌన్సెలింగ్‌కు సరైన చోటు ఆసుపత్రి కాదు, బడి.

కాగితం మీద కొరత లేదు

మన దేశంలో పథకాలు లేవని ఎవరూ అనలేరు. 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ వచ్చింది. 10-19 ఏళ్ల వారి కోసం పెట్టిన ఆ పథకంలోని ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. 2018 సీబీఎస్‌ఈ అఫిలియేషన్ నిబంధనలు సెకండరీ, సీనియర్ సెకండరీ పాఠశాలల్లో పూర్తికాలపు కౌన్సెలర్ ఉండాలన్నాయి. 9-12 తరగతుల్లో 300 మంది కంటే తక్కువ ఉంటే పార్ట్ టైమ్ చాలన్నాయి. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది మనోదర్పణ్ వచ్చింది. జాతీయ విద్యా విధానం 2020 కౌన్సెలర్ల గురించీ, సోషల్ వర్కర్ల గురించీ మాట్లాడింది. 2022 అక్టోబర్ 10న టెలీ-మానస్ హెల్ప్‌లైన్ ప్రారంభమైంది. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది.

వీటిలో ప్రభుత్వ బడి పిల్లవాడికి ఎదురుగా కూర్చునే మనిషిని ఇచ్చింది ఏది? స్కూల్ హెల్త్ కార్యక్రమాన్నే తీసుకుందాం. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు’గా నియమిస్తారు. వాళ్లు వారానికో గంట చొప్పున 11 అంశాలు బోధించాలి. పోషకాహారం, మాదకద్రవ్యాలు, ఇంటర్నెట్ భద్రత, హెచ్‌ఐవీ నివారణ, లింగ సమానత్వం వగైరాల మధ్య మానసిక ఆరోగ్యం ఒక అంశం. అది అవగాహన తరగతి. అవగాహన మంచిదే. కానీ తరగతిలో అరవై మంది ముందు లేచి ‘మా ఇంట్లో ఇలా జరుగుతోంది సార్’ అని ఏ పిల్లా చెప్పదు.

హెల్ప్‌లైన్‌కూ పరిమితి ఉంది. 14416కి ఫోన్ చేస్తే పలుకుతారు, అది ప్రాణాలు నిలబెట్టగలదు, ఆ నంబర్ ప్రతి బడి గోడ మీదా ఉండాల్సిందే. అయితే సొంత ఫోన్ లేని పద్నాలుగేళ్ల అమ్మాయి, అన్న ఫోన్ తీసుకుని, ఒకే గది ఉన్న ఇంట్లో, ఎవరి గురించి చెప్పాలో ఆ మనిషి పక్కనే కూర్చుని ఉండగా ఏం మాట్లాడుతుంది?

బిహార్‌లో తేలిన సంగతి

టీచర్లే కౌన్సెలర్లయితే ఏమవుతుందో ఊహించాల్సిన పని లేదు. మన దేశంలోనే పరీక్షించి చూశారు. బిహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహెర్’ పేరుతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. డెబ్బైకి పైగా బడులను లాటరీ పద్ధతిలో మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో బయటి నుంచి తెచ్చి శిక్షణ ఇచ్చిన మామూలు యువ కౌన్సెలర్. రెండో గుంపులో అదే కార్యక్రమం, అదే పని, కానీ చేసేది ఆ బడి టీచర్. మూడో గుంపులో ఈ రెండూ లేవు.

కౌన్సెలర్ ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది. కుంగుబాటు, వేధింపులు, హింస తగ్గాయి. టీచర్ చేసిన బడులకూ, ఈ రెండూ లేని బడులకూ తేడా దాదాపు కనిపించలేదు. మన మోడల్ ఆన్సర్ చివరి వాక్యానికి ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

ఇది టీచర్లను తక్కువ చేయడం కాదు. ఆ కుర్చీలో ఎవరున్నా జరిగేది అదే. టీచర్ హాజరు వేస్తాడు, మార్కులు వేస్తాడు, తల్లిదండ్రులకు ఫోన్ చేస్తాడు, టీసీ మీద ‘కాండక్ట్’ అనే గడి నింపేదీ ఆ వ్యవస్థే. సిగరెట్ తాగానని పిల్లవాడు ఆ మనిషికి చెప్పుకుంటే అది నేరం ఒప్పుకోవడమే అవుతుంది. పైగా ఎన్నికల డ్యూటీ, సర్వేలు, యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చేయడం, మధ్యాహ్న భోజనం లెక్కలు. వీటన్నిటి మీద ఇప్పుడు కౌన్సెలింగ్. ఇన్ని టోపీలు పెడితే ఏ తలా నిలబడదు.

నలందను నగరంతో ఎలా పోలుస్తారని అడగొచ్చు. ఢిల్లీలో ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో 250 మంది విద్యార్థులతో చేసిన మరో ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. సైకాలజీ నిపుణులు కాని శిక్షిత కౌన్సెలర్లు మూడు వారాల్లో నాలుగైదు సార్లు పిల్లలతో విడిగా కూర్చుని, సమస్యను ముక్కలు చేసుకుని పరిష్కరించుకోవడం నేర్పారు. పిల్లలు తమను ఎక్కువగా బాధపెడుతున్నవని చెప్పిన సమస్యల తీవ్రత తగ్గింది. ఆరు వారాల నాటికి మానసిక లక్షణాల స్కోరులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో సగాన్ని దాచాల్సిన అవసరం లేదు. కౌన్సెలింగ్ మంత్రదండం కాదు. పరిమితమైన, కొలవగలిగే, చవకైన సాయం. ప్రభుత్వం ఇవ్వాల్సింది సరిగ్గా అలాంటి సాయమే.

ఒక చిన్న లెక్క

ఇంజనీరింగ్ చదివినవాణ్ని కాబట్టి లోడ్ లెక్కవేయకుండా ఉండలేను. మెట్రోలో 1,000 మంది టీనేజ్ పిల్లలున్న బడిని తీసుకోండి. సర్వే చెప్పిన 13.5 శాతం ప్రకారం 135 మందికి సాయం కావాలి. ఢిల్లీ పద్ధతిలో ఒక్కొక్కరికి 5 సెషన్లు అనుకుంటే మొత్తం 675. ఏడాదికి 220 పనిదినాలు, రోజుకు 4 సెషన్లు అనుకుంటే ఒక పూర్తికాలపు కౌన్సెలర్ సామర్థ్యం 880. ఇళ్లకు వెళ్లడం, రికార్డులు రాయడం, అత్యవసర కేసులు చూడడం కలిపితే ఆ మనిషి సమయం అక్కడికి సరిపోతుంది. 500 మందికి ఒకరు ఉంటే పని సవ్యంగా సాగుతుంది. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ల సంఘం సిఫారసు చేసేది 250 మందికి ఒకరిని. ఇక టీచరే చేయాలంటారా? ఆ 675 సెషన్లు ఏ పీరియడ్‌లో పెట్టాలో టైమ్‌టేబుల్ గీసి చూపించండి.

డబ్బు సంగతి. నెలకు 35,000 రూపాయల జీతం అనుకుందాం. ఏడాదికి 4.2 లక్షలు. 500 మంది పిల్లలకు పంచితే తలకు ఏడాదికి 840 రూపాయలు, నెలకు 70. నగర పిల్లలకు మాత్రమే ముందు మొదలుపెట్టినా ఈ ఖర్చు మోయలేనిదని ఏ రాష్ట్రమూ నిజాయతీగా చెప్పలేదు. మనుషులు దొరకరనే వాదనకూ పై రెండు ప్రయోగాలే జవాబు. ప్రతి బడికీ సైకియాట్రిస్ట్ అక్కర్లేదు. మంచి శిక్షణ పొందిన డిగ్రీ హోల్డర్లు, వాళ్లపై నెలనెలా పర్యవేక్షణ చేసే క్లినికల్ సైకాలజిస్ట్, తీవ్రమైన కేసులకు 1996 నుంచి నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. ఈ మూడు మెట్లూ కలిస్తే వ్యవస్థ అవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ అనే ఖాళీ

ఈ చర్చ మనకు మరింత దగ్గర కావడానికి కారణం ఉంది. దేశంలో చాలాచోట్ల 11, 12 తరగతులు బడిలో భాగం. మన దగ్గర పదహారేళ్లు రాగానే పిల్లలు బడి వదిలి జూనియర్ కాలేజీకి, చాలామంది హాస్టల్‌కు వెళ్తారు. ఊరు మారుతుంది, స్నేహితులు మారతారు, తెలిసిన టీచర్లు ఉండరు. పిల్లవాడు ఎక్కువ ప్రమాదంలో పడే వయసులో మనం అతన్ని బడి అనే గొడుగు కింద నుంచే బయటికి పంపుతున్నాం. ‘స్కూల్ కౌన్సెలింగ్’ అని రాసుకున్న విధానాలు సగం దూరంలోనే ఆగిపోతాయి.

విశాఖపట్నంలో 2023 జులైలో 17 ఏళ్ల నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పునిచ్చింది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. మానసిక ఆరోగ్యం ఆర్టికల్ 21లో అంతర్భాగమని చెప్పి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందూ అవమానించడం మానాలి. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి.

తీర్పు గొప్పదే. ఒక చిక్కు మిగిలింది. కౌన్సెలర్‌ను నియమించేది, జీతమిచ్చేది, తీసేయగలిగేది ఆ కాలేజీయే. సెక్షన్లు మార్చడమే పిల్లవాడి బాధకు కారణమైతే, ఆ సెక్షన్లు వేసిన యాజమాన్యం జీతంతో బతికే కౌన్సెలర్ ఏం రాస్తాడు? ‘విద్యార్థికి ఏకాగ్రత లోపం’ అని రాస్తాడు. కేరళలో ప్రభుత్వ బడులకు సైకో-సోషల్ కౌన్సెలర్లను పంపేది మహిళా, శిశు అభివృద్ధి శాఖ. అంటే కౌన్సెలర్ పైఅధికారి హెడ్‌మాస్టర్ కాదు. మనమూ ఆ దారే పట్టాలి. ప్రైవేటు కాలేజీల నుంచి విద్యార్థి లెక్కన ఫీజు వసూలు చేసి, నియామకం మాత్రం జిల్లా స్థాయి స్వతంత్ర అధికారి చేతిలో పెట్టాలి.

గోప్యత లేని గదికి ఎవరూ రారు

కష్టమైన ప్రశ్న ఇది. పిల్ల చెప్పినది కౌన్సెలర్ ఎవరికి చెప్పాలి? పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం లైంగిక నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. పిల్లలపై అఘాయిత్యాలు కప్పిపుచ్చే మన సమాజంలో ఆ నిబంధన అవసరమే. అయితే పదిహేడేళ్ల అమ్మాయి తన తోటివయసు అబ్బాయిని ప్రేమించి ఇష్టపూర్వకంగా శారీరకంగా దగ్గరయ్యానని, ఇంట్లో తెలిస్తే చంపేస్తారని చెప్పుకున్నా కౌన్సెలర్ అదే దారిలో పోవాల్సి వస్తుంది. ఒక్క కేసు అలా జరిగితే చాలు, ఆ బడిలో మళ్లీ ఎవరూ ఆ తలుపు తట్టరు.

2022లో గర్భస్రావ హక్కుల తీర్పులో సుప్రీంకోర్టు ఒక సర్దుబాటు చూపింది. మైనర్ బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, పోక్సో కింద సమాచారమిచ్చేటప్పుడు డాక్టర్ ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదంది. ఇష్టపూర్వకంగా కలిసి ఉన్న దగ్గరి వయసు టీనేజర్ల విషయంలో కౌన్సెలర్లకూ అలాంటి వెసులుబాటు చట్టంలోనే రావాలి. అప్పటిదాకా కనీసం ఒక నియమం పాటించాలి. ఏది రహస్యంగా ఉంటుందో, ఏది చట్టప్రకారం బయటికి చెప్పాల్సి వస్తుందో మొదటి రోజే పిల్లలకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

రెండు అభ్యంతరాలు

‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మేం బతకలేదా?’ అంటారు పెద్దవాళ్లు. బతికినవాళ్లే ఆ ప్రశ్న వేయగలరు. బతకనివాళ్లు గోడ మీద ఫొటోలుగా మిగిలారు, వాళ్ల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

‘పేదరికం, తాగుడు, పరీక్షల పిచ్చి అలాగే ఉంచి మాటలతో ఏం సాధిస్తారు?’ అన్నది రెండోది, ఇది బరువైన ప్రశ్న. కౌన్సెలింగ్ పేరుతో తప్పంతా పిల్లవాడి మనసు మీదకు నెట్టే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే కౌన్సెలర్ పని గదిలో ముగియకూడదు. పెళ్లి ఆపాలంటే 1098కి, బాలల సంక్షేమ సమితికి చేరాలి. పనికి పోతున్న పిల్లవాడికి స్కాలర్‌షిప్పో హాస్టల్ సీటో ఇప్పించాలి. భాష రాని పిల్లవాడికి బ్రిడ్జ్ కోర్సు అడగాలి. ఆ ఫైలు వెంట తిరగడానికి ఒక మనిషి కావాలి. వ్యవస్థ మారేదాకా ఆ మనిషి వద్దనడం, ఆనకట్ట కట్టేదాకా పడవ వద్దనడం లాంటిది.

కాబట్టి మిత్రులారా, ఆన్సర్ షీట్‌లో ఆ పాత వాక్యం స్థానంలో ఇది రాయండి: ‘నగర ప్రభుత్వ పాఠశాలల్లో, జూనియర్ కాలేజీల్లో 500 మందికి ఒకరు చొప్పున, విద్యాసంస్థ యాజమాన్యానికి లోబడని పూర్తికాలపు కౌన్సెలర్ పోస్టులు మంజూరు చేసి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంతో అనుసంధానించాలి.’ వాక్యం కాస్త పొడవే. కానీ ఇందులో సంఖ్య ఉంది, పోస్టు ఉంది, జవాబుదారీ ఉంది. మనలో కొందరు రేపు జిల్లాల్లో విద్యాశాఖ ఫైళ్ల మీద సంతకాలు పెడతారు. అప్పుడు ఎదురుగా వచ్చే నోట్‌లో ‘ఉపాధ్యాయులకు ఒకరోజు శిక్షణ, ఖర్చు లేదు’ అని ఉంటుంది. సంతకం పెట్టడం తేలిక. ఆ నోట్‌ను వెనక్కి పంపి పోస్టులు అడగడానికి కావలసిన కారణాలు, లెక్కలు ఇప్పటి నుంచే మన దగ్గర ఉండాలి.